హార్వర్డ్ వదిలిన భీమవరం అబ్బాయి



కడుపుతో ఉన్నప్పుడు మొదటి నెలల్లో డాక్టరు రాసిన చిన్న మాత్ర చాలామంది అమ్మలకు గుర్తుండే ఉంటుంది. ఫోలిక్ యాసిడ్. బిడ్డ వెన్నుపాము సరిగా ఏర్పడాలన్నా, తల్లికి రక్తం తగ్గకుండా ఉండాలన్నా అది కావాలి. ఇంకో మాత్ర కూడా గుర్తు చేసుకోండి. బోదకాలు రాకుండా ఉండాలని ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, ఎదురుగా నిలబడి మింగించే డీఈసీ మాత్ర. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళకి దాని గురించి వేరే చెప్పాలా?

ఈ రెండు మందులూ 1940లలో అమెరికాలోని ఒకే కంపెనీ ల్యాబ్ నుంచి బయటికొచ్చాయి. ఆ ల్యాబ్ పరిశోధనలకు నాయకత్వం వహించిన మనిషి మన భీమవరంలో పుట్టారు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు మీరు వినే ఉంటారు. ఏటీపీ కనుక్కున్నారనీ, నోబెల్ రావాల్సిందనీ క్విజ్ పుస్తకాల్లో ఉంటుంది. ఆయన జీవితంలో నాకు ముఖ్యంగా అనిపించే మలుపు మాత్రం ఆ పుస్తకాల్లో ఒక్క వాక్యంలో అయిపోతుంది. 45 ఏళ్ళ వయసులో, 17 ఏళ్ళు పనిచేసిన హార్వర్డ్‌ని వదిలి ఆయన మందుల కంపెనీకి వెళ్ళిపోయారు.

ఈ నెల ఈ పేజీకి ఆయన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. మన దగ్గర చదివి వెళ్ళిన పిల్లల్లో కొందరు ఇప్పుడు పీహెచ్‌డీల్లో ఉన్నారు. తమ్ముడినో చెల్లినో దింపడానికి వచ్చిన వాళ్ళ అమ్మానాన్నలు గేటు దగ్గర ఆగి, మా టీచర్లతో గొంతు తగ్గించి చెప్పే మాట ఒకటుంటుంది. అబ్బాయి ప్రొఫెసర్ అవుతాడనుకున్నాం, ఇప్పుడు కంపెనీలో చేరతానంటున్నాడు, ఇన్నేళ్ళ చదువూ వృథా అయినట్టేనా అని. అమ్మాయి విషయమైతే ఆ బాధలో పెళ్ళి సంబంధాల లెక్క కూడా కలుస్తుంది. సుబ్బారావు గారి కథ ఈ ప్రశ్నకి చాలావరకు జవాబు చెబుతుంది. ఆ జవాబు పూర్తిగా తియ్యగా ఉండదు, అదీ ముందే చెప్పేస్తున్నాను.

ఆయన 1895 జనవరి 12న పుట్టారు. మన స్కూళ్ళలో యువజన దినోత్సవం జరుపుకునే రోజే. వివేకానందుడి పుట్టినరోజూ, ఈయన పుట్టినరోజూ ఒకటే కావడం యాదృచ్ఛికమే అయినా, ఈయన కుర్రతనంలో రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసి కావాలని గట్టిగా అనుకున్నారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, ఆరోగ్యం బాగోక ముందే ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లలు, చాలీచాలని డబ్బు. పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు ఇంట్లోంచి పారిపోయి, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి సంపాదిద్దామని బయల్దేరారని చెబుతారు. వెంకమ్మ గారు వెనక్కి తెప్పించి మళ్ళీ చదువులో కూర్చోబెట్టారు. రాజమండ్రిలో కొంత చదువు, ఆ తర్వాత మద్రాసు హిందూ హైస్కూల్. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. కొడుకు చదువుకోసం ఆ తల్లి నగలు అమ్ముకున్నారు. సన్యాసానికి మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. మిషన్ స్వాములు కూడా వైద్యం చదువు, సేవ అలా కూడా చెయ్యొచ్చని సలహా ఇచ్చారట. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

అక్కడ ఇంకో ఇబ్బంది వచ్చింది. గాంధీగారి పిలుపు విని ఈయన ఆపరేషన్ థియేటర్‌లోకి కూడా ఖద్దరు గౌను వేసుకుని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ తెల్లదొర, ఆయనకి అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ అనే తక్కువ స్థాయి పట్టా చేతికొచ్చింది. ఈ ఒక్క కాగితం ఆయన్ని చాలా ఏళ్ళు వెంటాడింది. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే ఉద్యోగం దొరికింది.

ఇంట్లో ఈలోపు పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బు, పాతకాలం వాళ్ళు గ్రహణి అనేవారు, పేగులు ఆహారాన్ని పీల్చుకోలేక మనిషి రోజురోజుకీ చిక్కిపోయి, రక్తం విరిగిపోయి చనిపోతాడు. అది ఆయన అన్నదమ్ములిద్దరిని కొద్ది రోజుల తేడాతో తీసుకుపోయింది. ఆయనకీ ఆ జబ్బు సోకింది, లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. ఈ స్ప్రూ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1919లో శేషగిరి గారితో పెళ్ళయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకి సాయం చేశారు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కూడా అండగా నిలిచింది. ఆ సంస్థ పేరుతో కాకినాడలో ఇప్పటికీ కాలేజీలు నడుస్తున్నాయి, మీలో కొందరు అక్కడే చదివి ఉండొచ్చు. 1922 అక్టోబరు చివర్లో ఆయన బోస్టన్‌లో దిగారు. ఉష్ణమండల వ్యాధుల మీద హార్వర్డ్‌లో డిప్లొమా చెయ్యాలని వెళ్ళారు. ఎల్ఎంఎస్ పట్టా ఉన్నవాడికి అక్కడ డాక్టరుగా అవకాశం రాలేదు. హాస్పిటల్‌లో రాత్రిపూట పోర్టర్‌గా చేరి, రోగుల బెడ్‌ప్యాన్లు కడిగి పొట్ట పోషించుకున్నారు. ఇక్కడ మద్రాసులో మెడికల్ కాలేజీ చదివిన మనిషి. ఈ సంగతి పిల్లలకి చెప్పేటప్పుడు క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది.

1923లో హార్వర్డ్ మెడికల్ స్కూల్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి ఒకటి ఇద్దరూ కలిసి కనిపెట్టి 1925లో ప్రచురించారు. సూత్రం తేలికే. ఫాస్ఫేట్ ఉన్న ద్రవానికి మాలిబ్డేట్ కలిపి, మరో రసాయనంతో చర్య జరిపిస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటే బయోకెమిస్ట్రీ చదివినవాళ్ళందరికీ తెలుసు. మన భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువుల నీళ్ళు టెస్ట్ చేసే ల్యాబుల్లో ఫాస్ఫేట్ చూసేటప్పుడు వచ్చే నీలం రంగు కూడా ఈ మాలిబ్డినం నీలం కుటుంబానిదే.

కొలిచే పద్ధతి చేతిలో ఉంటే, అంతవరకు ఎవరికీ కనపడనివి కనపడతాయి. కండరాల్లో ఫాస్ఫరస్ లెక్క సరిపోకపోవడం చూసి, దాన్ని పట్టుకుని వెళ్తే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో ఏటీపీ. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా ఏటీపీని కనుక్కున్నారు. కండరం కదలడానికి శక్తి లాక్టిక్ యాసిడ్ నుంచి వస్తుందని అప్పటిదాకా నమ్మేవారు, ఆ నమ్మకానికి 1922లో నోబెల్ కూడా ఇచ్చేశారు. దాన్ని తలకిందులు చేసినవాళ్ళలో ఒకరు, కొన్నేళ్ళ క్రితం బెడ్‌ప్యాన్లు కడిగిన మనిషి. 1930లో పీహెచ్‌డీ వచ్చింది.

మన లెక్క ప్రకారం ఇక్కడితో కథ సుఖాంతం కావాలి. హార్వర్డ్, పీహెచ్‌డీ, పాఠ్యపుస్తకాల్లోకెక్కిన ఆవిష్కరణలు. ఇంకేం కావాలి? అయినా హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. పది పదిహేనేళ్ళ పాటు చిన్న హోదాల్లో, తక్కువ జీతంతో ఉండిపోయారు. పేరు కోసం ముందుకు తోసుకునే స్వభావం కాదు, పైగా విదేశీయుడు. భారతీయులకు అమెరికా పౌరసత్వం ఇవ్వడానికి 1946 దాకా అక్కడి చట్టమే ఒప్పుకునేది కాదు. ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్ల విషయంలో పేరు ఎక్కువగా ఫిస్క్‌కే వెళ్ళింది. అదే విభాగంలో అప్పట్లో విద్యార్థిగా ఉన్న జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో ఒక సంగతి బయటపెట్టారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్ల వివరాలు ఫిస్క్ అసూయ వల్ల వెలుగు చూడలేదనీ, ఆ తర్వాత వేరేవాళ్ళు వాటిని మళ్ళీ కనుక్కోవాల్సి వచ్చిందనీ ఆయన అన్నారు. యూనివర్సిటీ అంటే స్వేచ్ఛ, కంపెనీ అంటే బానిసత్వం అనుకునే మనకి ఇది కొంచెం ఇబ్బంది పెట్టే విషయమే.

అయితే ఆయన ఒక్క రోజులో విసిగిపోయి రాజీనామా కాగితం విసిరేసి వెళ్ళలేదు. మీ ఇంట్లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళుంటే ఈ భాగం వాళ్ళకి చదివి వినిపించండి. 1930లలో రక్తహీనతకి పచ్చి కాలేయం, లేదా కాలేయం నుంచి తీసిన సారం ఇచ్చేవారు. అందులో ఏ పదార్థం పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. సుబ్బారావు హార్వర్డ్‌లో ఉండగానే ఈ కాలేయ సారాన్ని విడదీసే పనిలో పడ్డారు. దాన్ని తయారుచేసి అమ్మేది మందుల కంపెనీలే. వాటిలో ఒకటైన లెడర్లీతో అలా పరిచయమూ పనీ పెరిగాయి. 1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఆ కంపెనీ ల్యాబ్‌లో చేరే సమయానికి ఆయన ఏం చెయ్యబోతున్నారో ఆయనకీ తెలుసు, తీసుకుంటున్న కంపెనీకీ తెలుసు. పాత పనిని చంకలో పెట్టుకునే కొత్త చోటికి వెళ్ళారు. తొందరలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ డైరెక్టర్ అయ్యారు.

మిగిలింది 8 ఏళ్ళ జీవితం. ఆ 8 ఏళ్ళలో జరిగినవి చూడండి.

మొదటిది ఫోలిక్ యాసిడ్. దీనికి మన దేశంతో ముడి ఉంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల డాక్టరు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనత మీద పనిచేస్తూ, ఈస్ట్ సారం పెడితే వాళ్ళు కోలుకుంటున్నారని కనిపెట్టారు. అందులో ఉన్నదేమిటో తెలియక విల్స్ ఫ్యాక్టర్ అని పిలిచేవారు. ఆకుకూరల్లోనూ అది దొరుకుతుందని తెలిశాక, లాటిన్‌లో ఆకు అనే మాట నుంచి ఫోలిక్ యాసిడ్ అన్నారు. కాలేయంలో అది ఎంత తక్కువగా ఉంటుందంటే, కుప్పలు కుప్పలుగా కాలేయం తెచ్చి శుద్ధి చేసినా చేతికొచ్చేది చిటికెడు. దాన్ని రోగులకి ఇవ్వాలంటే ల్యాబ్‌లోనే తయారుచెయ్యడం ఒక్కటే దారి. సుబ్బారావు నడిపిన లెడర్లీ బృందం 1945లో ఆ పని చేసి చూపించింది. వెంటనే టామ్ స్పైస్ అనే డాక్టరు రోగులకిచ్చి చూశారు. ఒక రకం రక్తహీనత తగ్గింది. స్ప్రూ కూడా తగ్గింది. భీమవరం నుంచి వెళ్ళిన ఆ మనిషి అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూయే.

ఇది యూనివర్సిటీ బల్ల మీద అయ్యే పని కాదు. ఆ ఒక్క అణువు కోసం కాలేయాన్ని కరగదీసేవాళ్ళు, సూక్ష్మజీవుల మీద పరీక్షించేవాళ్ళు, రసాయన నిర్మాణం విప్పేవాళ్ళు, మళ్ళీ దాన్ని కట్టేవాళ్ళు, ఇంతమంది ఒకే కప్పు కింద ఉండాలి. సైన్స్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసం కింద 16 మంది పేర్లున్నాయి, సుబ్బారావుది అందులో ఒకటి. హార్వర్డ్‌లో తన పేరు ఫిస్క్ పేరు వెనక ఉండేది. ఇక్కడ గుంపులో కలిసింది. ఆయన దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు కనపడదు. ఆయన స్థానంలో నేనుంటే పట్టించుకునేదాన్నే.

రెండోది క్యాన్సర్ మందు. రక్తకణాలు వేగంగా పెరగాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. లుకేమియా అంటే రక్తకణాలు అదుపు తప్పి పెరగడమే. అలాంటప్పుడు ఫోలిక్ యాసిడ్‌లా కనిపించే, దాని పని మాత్రం చెయ్యని అణువు ఇస్తే? తాళంలో దూరి ఇరుక్కుపోయే తప్పుడు తాళంచెవి లాంటిది. అసలు తాళంచెవి ఇక లోపలికి వెళ్ళలేదు. లెడర్లీ రసాయనవేత్తలు అలాంటి అణువులు తయారుచేశారు, వాటిలో ఒకటి అమినాప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకి ఇచ్చారు. 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అప్పటివరకు ఆ జబ్బు వచ్చిన పిల్లలకి డాక్టర్లు చెయ్యగలిగింది ఏమీ లేదు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో ప్రచురించారు. ఫార్బర్ పనిచేసింది హార్వర్డ్‌కి అనుబంధమైన పిల్లల ఆస్పత్రిలో. హార్వర్డ్ ఉంచుకోని మనిషి ల్యాబ్ నుంచే హార్వర్డ్ వీధికి ఆ మందు తిరిగి వెళ్ళింది. అమినాప్టెరిన్‌కి దగ్గర బంధువైన మెథోట్రెక్సేట్‌ని ఇప్పటికీ లుకేమియాకి వాడుతున్నారు. తక్కువ మోతాదులో కీళ్ళవాతానికి కూడా. మీ ఇంట్లో బామ్మగారెవరైనా వారానికొకసారి వేసుకుంటూ ఉండొచ్చు.

మూడోది మన డీఈసీ. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్ళిన అమెరికా సైనికులకి బోదకాలు పురుగు సోకింది. దాంతో అమెరికన్లకి ఉన్నట్టుండి ఆ జబ్బు మీద ఆసక్తి పుట్టింది. లెడర్లీ వాళ్ళు ఎలుకల్లో పెరిగే అలాంటి పురుగు మీద వందల రసాయనాలు ప్రయత్నించి, 1947లో డీఈసీ బయటపెట్టారు. హెట్రజాన్ అనే పేరుతో అమ్మేవారు. సైనికుల కోసం వెతికిన మందు మన మురికికాలవల పక్కన బతికేవాళ్ళకి పనికొచ్చింది. మన రాజమండ్రిలో ఫైలేరియా మీద శిక్షణకీ పరిశోధనకీ జాతీయ వ్యాధి నియంత్రణ సంస్థ వారి కేంద్రం ఉంది. దేశంలో ఇలాంటివి మూడే, మిగతా రెండూ కాలికట్‌లో, వారణాసిలో. ఆయన చిన్నప్పుడు చదువుకున్న రాజమండ్రి, డబ్బు సంపాదిద్దామని పారిపోయిన కాశీ, రెండూ ఈ జాబితాలో ఉండటం తమాషాగా ఉంటుంది.

నాలుగోది ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొట్టమొదటిది. దీన్ని మట్టిలోంచి పట్టింది బెంజమిన్ డగ్గర్. ఈయనది ఇంకో తమాషా. విస్కాన్సిన్ యూనివర్సిటీలో వృక్షశాస్త్ర ప్రొఫెసర్‌గా ఉండి, డెబ్బై దాటాక రూలు ప్రకారం రిటైరయ్యారు. యూనివర్సిటీ ఇంటికి పంపిన ఆ పెద్దాయన్ని లెడర్లీ పిలిచి ఉద్యోగం ఇచ్చింది. 1948లో ఆయన మందు లోకానికి తెలిసింది.

అదే 1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా నిండలేదు.

ఇక మొదట్లో చెప్పిన తియ్యగా ఉండని భాగం. 1922లో ఓడ ఎక్కిన తర్వాత ఆయన మళ్ళీ ఇండియాకి రాలేదు. శేషగిరి గారిని ఆయన తర్వాత ఎప్పుడూ చూడలేదు. వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే జబ్బుచేసి పోయాడు, ఆ బిడ్డ ముఖం కూడా తండ్రి చూడలేదు. 26 ఏళ్ళు. ఆయన గురించి రాసేటప్పుడు చాలామంది దీన్ని త్యాగం అని ఒక మాటలో దాటేస్తారు. ఆ మాట వాడాలంటే శేషగిరి గారి పేరు కూడా పక్కన రాయాలని నా అభిప్రాయం. ఇప్పుడు విమానాలున్నాయి, వీడియో కాల్స్ ఉన్నాయి, కాబట్టి ఆ రోజుల్లోలా ఉండదు. అయినా మీ పిల్లలు దూరదేశంలో ఏళ్ళతరబడి పోస్ట్‌డాక్‌లు మీద పోస్ట్‌డాక్‌లు చేస్తూ, వచ్చే ఏడాది పర్మనెంట్ అవుతుందంటూ ఉంటే, ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారన్న లెక్క కూడా అందులో ఉండాలి.

ఇది సుబ్బారావు ఒక్కరి కథ అనుకోకండి. ఇందాక చెప్పిన జార్జ్ హిచింగ్స్ కూడా హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేసి, తాత్కాలిక ఉద్యోగాలతో విసిగి, 1942లో బరోస్ వెల్‌కమ్ అనే మందుల కంపెనీలో చేరారు. సుబ్బారావు దగ్గర చూసిన న్యూక్లియోటైడ్లకి దగ్గరి పనే అక్కడ మొదలుపెట్టారు. గెర్ట్రూడ్ ఎలియన్ ఆయనతో కలిసి పనిచేశారు. ఆవిడకి పీహెచ్‌డీ లేదు, ఉద్యోగం వదులుకోలేక మధ్యలో ఆపేశారు. 1988లో ఇద్దరూ నోబెల్ పంచుకున్నారు. మన దగ్గరికి వస్తే, గుంటూరు జిల్లా తాడేపల్లి పసుపు రైతు కొడుకు కల్లం అంజిరెడ్డి గారు పుణే నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పీహెచ్‌డీ చేసి, హైదరాబాద్ ఐడీపీఎల్‌లో ఉద్యోగానికి చేరి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఐడీపీఎల్ ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ. అక్కడ పని నేర్చుకున్నవాళ్ళు బయటికొచ్చి పెట్టిన కంపెనీలతోనే హైదరాబాద్ మందుల పరిశ్రమ ఈ స్థాయికి వచ్చిందని అంటారు.

పీహెచ్‌డీ ఉన్నవాళ్ళకి ఇవాళ ఉన్న దారులు ఇంకా ఎక్కువ. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో టీకాల కంపెనీలు, విశాఖ దగ్గర పరవాడలో మందుల కంపెనీలు ఉన్నాయి, వాటిలో పరిశోధన విభాగం ఒక్కటే ఉండదు. క్లినికల్ ట్రయల్స్ చూసేవాళ్ళు కావాలి, మందుకి అనుమతి రావడానికి కాగితాలు తయారుచేసే రెగ్యులేటరీ వాళ్ళు కావాలి, నాణ్యత పరీక్షించేవాళ్ళు కావాలి. సైన్స్ లేదా ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్ళు పేటెంట్ ఆఫీసు పెట్టే పరీక్ష పాసై పేటెంట్ ఏజెంట్ కావచ్చు, ఇది చాలామందికి తెలియదు. ఫిజిక్స్, గణితం చేసినవాళ్ళని డేటా పనులకి బ్యాంకులూ సాఫ్ట్‌వేర్ కంపెనీలూ తీసుకుంటాయి. మన డెల్టాలోనే జువాలజీ, మైక్రోబయాలజీ చదివినవాళ్ళు హేచరీల్లో, మేత కంపెనీల్లో, ఆక్వా ల్యాబుల్లో ఉన్నారు. జీతం, ఊరు, పని గంటలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, కాబట్టి ఆ పనిలో ఉన్న ఒకరిద్దరితో మీ పిల్లలు స్వయంగా మాట్లాడటం అన్నిటికంటే మేలు.

నష్టాలు కూడా ఉన్నాయి. కంపెనీలో మీకు నచ్చిన ప్రశ్న వెంట ఇష్టమొచ్చినంత కాలం తిరగడం కుదరదు. లాభం లేదనుకుంటే మూడేళ్ళ పని ఒక మెయిల్‌తో ఆపేస్తారు. కనిపెట్టింది కంపెనీ పేటెంట్ అవుతుంది. అదీకాక యూనివర్సిటీలో జూనియర్లకి చదువు చెప్పే అవకాశం ఉంటుంది, టీచరుగా నాకు అది చిన్న విషయంగా అనిపించదు. అందుకని ఎవరో వెళ్ళారని మీ అబ్బాయినీ అమ్మాయినీ వెళ్ళమనాల్సిన పని లేదు. అడగాల్సింది వేరే. ఇన్నేళ్ళలో వాళ్ళ చేతికి ఏ పని వచ్చింది, ఆ పని ఇంకెవరికి కావాలి, అక్కడివాళ్ళతో ఇప్పటికే పరిచయం ఉందా? ఫాస్ఫరస్ కొలవడం, కాలేయ సారం విడదీయడం, లెడర్లీతో అప్పటికే ఉన్న పరిచయం, సుబ్బారావు గారికి ఈ మూడింటికీ జవాబులున్నాయి. వాటికి జవాబు లేనప్పుడు యూనివర్సిటీలోనే ఇంకో ఏడాది ఉండి ఆ జవాబు సంపాదించుకోవడం కూడా తప్పేమీ కాదు.

వాళ్ళు ఇలా మాట్లాడటానికి ఇంటికి ఫోన్ చేసినప్పుడు, మొదటి మాటే బంధువులకి ఏం చెప్పాలి అన్నదైతే, రెండోసారి ఫోన్ రాదు. ఇది మా క్లాసు పిల్లల విషయంలో కూడా చూస్తూనే ఉంటాం.

సుబ్బారావు గారు చనిపోయాక ఒక అరుదైన శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టారు. 1995లో ఆయన శతజయంతికి మన తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది. ఈసారి భీమవరం వైపు వెళ్ళినప్పుడు, ఇప్పుడది జిల్లా కేంద్రం కూడా కదా, దారిలో పిల్లలకి ఈ కథ చెప్పండి. శేషగిరి గారి పేరు కూడా కలిపి చెప్పండి.